జపాన్ వెళ్ళే ముందు ఏ మాటలు నేర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఏప్రిల్‌లో టోక్యోలో ఐటీ ఉద్యోగంలో చేరుతున్నారు. మీ ఆవిడ శాకాహారి, నాలుగేళ్ళ పాప ఉంది. జపాన్ గురించి తెలుసుకోవాల్సిన మాటలంటూ ఇంగ్లీషులో దొరికే జాబితాలు చదివారు. ఇకిగై (బతకడానికి ఓ కారణం), వబి-సబి (లోపంలో, పాతదనంలో అందం చూడటం), కింత్సుగి (పగిలిన గిన్నెని బంగారంతో అతికే కళ), షిన్‌రిన్-యొకు (అడవిలో సేదతీరడం), కైజెన్ అన్నీ వచ్చేశాయి. ఇవి చాలా, ఇంకేమైనా నేర్చుకోవాలా అని అడిగారు.

ఇవి చాలవు. అసలు మొదటి ఏడాదిలో వీటితో మీకు పెద్దగా పనే పడదు. నేను టోక్యోలో ఆసుపత్రుల్లో, వార్డు ఆఫీసుల్లో మనవాళ్ళకి దుబాసీగా పనిచేస్తాను. కొత్తగా వచ్చినవాళ్ళు తడబడేది "హై" అన్న చిన్న మాట దగ్గర, చెత్త సంచి దగ్గర, సూప్ గిన్నె దగ్గర, డాక్టరు "ఎలాంటి నొప్పి?" అని అడిగినప్పుడు. అందుకే ఆ వరసలోనే రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మీ జాబితా గురించి రెండు ముక్కలు. ఇకిగై అంటే నాలుగు వలయాలు ఒకదాన్నొకటి కోసుకునే బొమ్మ చూసే ఉంటారు. అది జపాన్‌లో పుట్టింది కాదు, 2014లో ఒక ఇంగ్లీషు బ్లాగు ద్వారా పాకింది. ఇక్కడ ఒక పెద్దావిడ "మనవడే నా ఇకిగై" అంటుంది, అంతే. జీతం, కెరీర్, ప్రపంచానికి ఏం కావాలి అన్న లెక్కలేవీ అందులో ఉండవు. షిన్‌రిన్-యొకు ఏదో ప్రాచీన సంప్రదాయం అనుకుంటారు గానీ, 1982లో అటవీశాఖ జనాన్ని అడవుల వైపు మళ్ళించడానికి పుట్టించిన మాట అది. కైజెన్ అంటే మెరుగుపరచడం. ఆఫీసులో రోజూ వింటారు, దాని వెనక మంత్రమేమీ లేదు. వబి-సబి వివరించమంటే జపనీయులే ఆగి ఆలోచిస్తారు. ఇవి తెలిస్తే మంచిదే, కానీ తరవాత చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు సలహా. జపనీస్ మాటలు నేర్చుకునేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోకండి, తెలుగులో రాసుకోండి. జపనీస్‌లో హ్రస్వం, దీర్ఘం మారితే అర్థమే మారిపోతుంది. ఒబసన్ అంటే అత్తయ్య లేదా పిన్ని, ఒబాసన్ అంటే అమ్మమ్మ లేదా నానమ్మ. బిరు అంటే బిల్డింగు, బీరు అంటే బీరే. ఇంగ్లీషు స్పెల్లింగులో ఈ తేడాలు చాలాసార్లు కనపడకుండా పోతాయి. ఒత్తు కూడా అంతే. కితె అంటే రా, కిత్తె అంటే తపాలా బిళ్ళ. అత, అత్త తేడా తెలిసిన మనకి ఇది చెవికి వెంటనే పడుతుంది. హిందీలో లేని ఎ-ఏ, ఒ-ఓ తేడాలు మన దగ్గర ఉన్నాయి, జపనీస్‌లోనూ ఉన్నాయి. చాలామంది విదేశీయులు నెలల తరబడి కుస్తీ పట్టే "త్సు" అక్షరం మనం చుక్క, చుట్టం అన్నప్పుడు పలికే చు. పాతకాలపు వాచకాల్లో ౘ అని వేరే అక్షరమే ఉండేది దానికి. కారు, బస్సు, బ్యాంకు అని చివర ఉకారం తగిలించే మన అలవాటు కూడా వీళ్ళకుంది. బస్సు ఇక్కడ బసు, హోటలు హొతెరు, టేబులు తేబురు. కాబట్టి విదేశీ మాటలు రాయడానికి వాడే కతకన లిపి రెండు వారాలు కూర్చుని నేర్చుకుంటే సగం బోర్డులు చదివేస్తారు.

వాక్యాలూ మన వాక్యాల్లాగే నడుస్తాయి. "తిని చూడండి" అనడానికి ఇక్కడ "తబెతె మితె కుదసై" అంటారు. అందులో తబెతె అంటే తిని, మితె అంటే చూడు. "తినేశాను" అన్నదానికి "తబెతె షిమత్త", "కొని ఉంచుతాను" అన్నదానికి "కత్తె ఒకు". పుస్తకాల్లో వీటిని ఇంగ్లీషు ద్వారా వివరించడానికి పేజీలకు పేజీలు పడతాయి. మీరు తెలుగులోంచి నేరుగా వెళ్ళండి.

ఇక "హై". జాబితాల్లో దీనికి "అవును" అని రాస్తారు. సగం నిజమే. మీరు మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళు ప్రతి రెండు మాటలకీ "హై, హై" అంటారు, తల ఊపుతారు, "సో దెస్ నె" అంటారు. అది ఒప్పుకోవడం కాదు, ఊఁ కొట్టడం. దీన్ని ఐజుచి అంటారు. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊఁ కొట్టకపోతే అమ్మమ్మ ఆపేసేది కదా, ఫోన్లో అవతలివాళ్ళు ఊఁ కొట్టకపోతే మనం "హలో, వింటున్నావా?" అంటాం కదా, సరిగ్గా అదే. ఆఫీసులో మీరు ప్లాన్ చెప్పినంతసేపూ క్లయింట్ హై హై అన్నారని ఒప్పందం అయిపోయినట్టు మేనేజరుకి మెయిల్ పెట్టకండి. ఒప్పుకున్నారో లేదో చివర్లో విడిగా అడగాలి. మీరు వినేటప్పుడు మాత్రం తప్పకుండా ఐజుచి వెయ్యండి. నిశ్శబ్దంగా వింటే అర్థం కాలేదేమో, కోపం వచ్చిందేమో అని వాళ్ళకి టెన్షన్.

"కాదు" అనే మాట ఇక్కడ ఎవరూ నేరుగా అనరని చదివి ఉంటారు. మరి ఎలా అంటారో తెలియాలి. "రేపు రాగలరా?" అంటే "అషిత వ చొత్తొ..." అని సాగదీసి ఆపేస్తారు. చొత్తొ అంటే కొంచెం. "రేపు కొంచెం..." అని వదిలేశారంటే రాలేరన్నమాట, మిగతాది అడగకూడదు. "ముజుకషీ దెస్ నె" అన్నారంటే, "అది కొంచెం కష్టమండీ" అని మన దగ్గర పెద్దమనిషి అన్నప్పుడు ఏం అర్థం చేసుకుంటారో అదే అర్థం చేసుకోండి. ఇంగ్లీషు అలవాటున్నవాళ్ళు "కష్టం అన్నారు, అంటే కుదురుతుంది, ఇంకాస్త శ్రమపడాలి" అనుకుని మళ్ళీ మళ్ళీ అడిగి ఇబ్బంది పెడతారు. "కెన్‌తో షిమస్", అంటే పరిశీలిస్తాం, చాలాసార్లు మన "చూద్దాం లెండి" బాపతే. దాని ముందు "మఎముకి ని", అంటే సానుకూలంగా, అని చేర్చి చెబితే కాస్త ఆశ పెట్టుకోవచ్చు. ఈ విషయంలో అమెరికావాళ్ళ కన్నా మనకి సులువు. మనమూ పెళ్ళి సంబంధం ఇష్టం లేకపోతే "జాతకాలు కలవలేదండీ" అనే వాళ్ళమే. జపనీయులు మనసులో మాటని హొన్నె అని, పైకి అనే మాటని తతెమఎ అని వేరుగా పిలుస్తారు. దాన్ని మోసం అనుకోకండి, ఎదుటివాళ్ళ పరువు కాపాడటం అనుకోండి.

రోజూ వాడే మాటల్లో ముందుగా నేర్చుకోవాల్సింది "సుమిమసెన్". క్షమాపణకీ అదే, హోటల్లో సర్వర్‌ని పిలవడానికీ అదే, కిక్కిరిసిన రైల్లోంచి దిగడానికి దారి అడగడానికీ అదే. ఎవరైనా మీ పాప పడేసుకున్న టోపీ తీసి అందిస్తే కృతజ్ఞతగా కూడా అదే అంటారు, "అయ్యో, మీకు శ్రమ" అన్న భావంతో. స్నేహితుల దగ్గర చిన్న తప్పుకి "గొమెన్" చాలు. క్లయింటు దగ్గర కంప్యూటర్ సర్వర్ ఆగిపోతే "మోషివకె గొజైమసెన్" అనాలి, సుమిమసెన్ అక్కడ తేలికైపోతుంది.

ఆ తరవాతది "దైజోబు దెస్". అక్షరాలా "ఫర్వాలేదండీ". మనం ఇంకో గరిటె పప్పు వద్దన్నప్పుడు "ఫర్వాలేదండీ" అన్నట్టే, ఇక్కడా వద్దనడానికి వాడతారు. మొదటి రోజే కొన్బినికి, అంటే 24 గంటల దుకాణానికి వెళ్తారు. కౌంటర్ దగ్గర అమ్మాయి గబగబా మూడు ప్రశ్నలు వేస్తుంది. "పొఇన్తొ కాదొ..." అని మొదలైతే పాయింట్ల కార్డు ఉందా అని. "అతతమెమస్ క" అని వినపడితే మీరు కొన్నది వేడి చెయ్యాలా అని. "ఫుకురొ" అని వినపడితే సంచి కావాలా అని. 2020 జులై 1 నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకుంటారు కాబట్టి తప్పకుండా అడుగుతారు. మూడింటికీ "దైజోబు దెస్" అంటే మూడూ వద్దన్నట్టే. వేడి చెయ్యాలంటే "ఒనెగై షిమస్" అనండి. షాపులోకి అడుగు పెట్టగానే "ఇరష్షైమసె!" అని అరుస్తారు, దానికి జవాబు చెప్పక్కర్లేదు.

ఇంటి మాటల్లో మనకి బాగా దగ్గరైనది "ఇత్తెకిమస్". బయటికి వెళ్ళేటప్పుడు అంటారు, అచ్చంగా "వెళ్ళొస్తా". వెళ్తున్నా అని ఊరుకోకుండా వస్తా అని కూడా చేర్చే అలవాటు వీళ్ళకీ ఉంది. ఇంట్లో ఉన్నవాళ్ళు "ఇత్తెరష్షై", వెళ్ళి రండి అంటారు. తిరిగొచ్చాక "తదైమ", జవాబుగా "ఒకఎరి". పాప బడికి వెళ్ళడం మొదలుపెట్టిన వారానికే ఈ నాలుగూ మీకు నేర్పిస్తుంది.

ఆఫీసులో మీరు అందరికన్నా ఎక్కువసార్లు అనబోయే మాట "ఒత్సుకరెసమ దెస్". కారిడార్లో ఎదురైతే, మీటింగు అయిపోతే, సాయంత్రం బయల్దేరుతుంటే, కంపెనీ లోపలి మెయిల్ మొదటి లైన్లో, అన్నిచోట్లా ఇదే. కష్టపడ్డారు, అలసిపోయి ఉంటారు అన్న పలకరింపు. దీనికి దగ్గరగా "గొకురోసమ" అని ఉంది, అది పైవాళ్ళు కిందివాళ్ళతో అనేది. మేనేజరుతో అనకండి. బయటి కంపెనీకి రాసే మెయిల్‌లో మొదటి లైను "ఒసెవ ని నత్తె ఒరిమస్". మీరు అందరికన్నా ముందు బయల్దేరుతుంటే "ఒసకి ని షిత్సురెయ్ షిమస్" అని చెప్పి వెళ్ళాలి. చెప్పకుండా జారుకుంటే పని ఎంత బాగా చేసినా ఆ వెలితి మిగిలిపోతుంది. కొత్తగా పరిచయమైనప్పుడు, పని అప్పగించినప్పుడు "యొరొషికు ఒనెగై షిమస్". దీన్ని ఒక్క అర్థానికి కట్టెయ్యకుండా, ఇకపై మీ సాయం ఉండాలి అన్న మర్యాదగా వాడుకోండి.

పని పద్ధతిలో రెండు మాటలు గట్టిగా పట్టుకోండి. ఒకటి "హోరెన్సో". చెప్పడం (హోకొకు), తెలియపరచడం (రెన్రకు), సలహా అడగడం (సోదన్), ఈ మూడింటి మొదళ్ళు కలిపిన మాట. పాలకూరని కూడా హోరెన్సో అంటారు కాబట్టి ఇక్కడ కొత్త ఉద్యోగులకి ఇట్టే గుర్తుండిపోతుంది. మన దగ్గర సమస్య వస్తే రాత్రంతా కూర్చుని మనమే సర్దేసి పొద్దున "అయిపోయింది సార్" అనడం గొప్ప. ఇక్కడ అలా చేస్తే "ముందే ఎందుకు చెప్పలేదు?" అంటారు. చిన్న ఆలస్యమైనా ముందే చెప్పండి. రెండోది "నెమవషి". చెట్టుని వేరే చోట నాటే ముందు దాని వేళ్ళ చుట్టూ తవ్వి సిద్ధం చేయడాన్ని తోటమాలులు అనే మాట ఇది. మీటింగులో కొత్త ప్రతిపాదన పెట్టే ముందు ఒక్కొక్కరినీ విడిగా కలిసి ఒప్పించాలి. మీటింగులో జరిగేది ముద్ర వెయ్యడమే.

పేర్ల సంగతి. మనకి "గారు" ఉన్నట్టు వీళ్ళకి "సన్". మన పేరుకి మనం గారు తగిలించుకోం కదా, సన్ కూడా అంతే. కానీ ఒకచోట మన అలవాటు అడ్డం వస్తుంది. బయటి కంపెనీ నుంచి ఫోన్ వచ్చి మీ మేనేజర్ తనక గారిని అడిగితే, మనకి "తనక సన్ బయటికి వెళ్ళారండీ" అనాలనిపిస్తుంది. ఇక్కడ బయటివాళ్ళ ముందు మనవాళ్ళని తగ్గించి చెప్పాలి, కాబట్టి "తనక వ గైషుత్సు షితె ఒరిమస్", సన్ లేకుండా. లోపలివాళ్ళు ఉచి, బయటివాళ్ళు సొతొ. ఇంటి వరసల్లోనూ ఇదే పద్ధతి. మీ అమ్మ గురించి చెప్పేటప్పుడు హహ, ఎదుటివాళ్ళ అమ్మ ఒకాసన్. మీ భార్య త్సుమ, వాళ్ళ భార్య ఒకుసన్. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి నాలుగూ మనకిలాగే వేరువేరు మాటలు, కానీ మేనత్త, పిన్ని, పెద్దమ్మ, అత్తయ్య అందరూ ఒబసన్ కిందకే వచ్చేస్తారు.

ఇంకో ముఖ్యమైన పని. జపాన్‌లోనూ ఇంటిపేరే ముందు. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముంటే ఆఫీసంతా మిమ్మల్ని దానికి సన్ చేర్చి పిలుస్తుంది. అలవాటు పడాలి. జపనీస్‌లో ల, ర ఒకటే కాబట్టి లలిత రరిత అవుతుంది. మీ పేరు కతకనలో ఎలా రాయాలో ముందే తేల్చుకుని వార్డు ఆఫీసు, బ్యాంకు, కంపెనీ మూడుచోట్లా అక్షరం తేడా లేకుండా ఒకేలా రాయించండి. ఒకచోట దీర్ఘం ఉండి ఇంకోచోట లేకపోతే జీతం జమ దగ్గర చిక్కు వస్తుంది.

ఇల్లు. "మన్షొన్" అంటే మహల్ కాదు, కాంక్రీటు ఫ్లాటు. "అపాతొ" అంటే సాధారణంగా రెండు మూడు అంతస్తుల చెక్క లేదా తేలిక ఉక్కు కట్టడం. అద్దె కాగితంలో షికికిన్ అంటే అడ్వాన్సు, ఖర్చులు పోను తిరిగొస్తుంది. రెయ్‌కిన్ ఇంటివారికి ఇచ్చే కానుక, తిరిగి రాదు. కోషిన్‌ర్యో అంటే ఒప్పందం పొడిగించినప్పుడు కట్టేది, మామూలుగా రెండేళ్ళకోసారి. ఈ మూడూ ఎంతెంతో అడిగాకే సంతకం పెట్టండి. గుమ్మంలో గెన్‌కన్ అని పల్లపు చోటు ఉంటుంది, చెప్పులు అక్కడే విడవాలి. ఇది మనకెవరూ నేర్పక్కర్లేదు. టాయిలెట్‌కి వేరే స్లిప్పర్లుంటే వాటితో గదిలోకి రాకూడదు, తతమి చాప మీదకి ఏ స్లిప్పర్లూ వద్దు.

చెత్తకి వారాలుంటాయి. మొఎరు గొమి కాలేది, అందులో వంటింటి చెత్త కూడా. మొఎనై గొమి కాలనిది. షిగెన్ రీసైక్లింగుకి పోయేది. ప్లాస్టిక్ సీసాకి మూత తీసి, లేబుల్ చింపి, కడిగి వెయ్యాలి. పెద్ద సామాను సొదై గొమి, దానికి ముందు బుక్ చేసి, టికెట్ కొని అంటించాలి. ఏ వారం ఏది అన్నది వార్డుని బట్టి, వీధిని బట్టి మారుతుంది కాబట్టి చేరిన రోజే ఆ కాగితం అడిగి ఫ్రిజ్ మీద అంటించండి. పొరుగువాళ్ళతో మనవాళ్ళకి గొడవ వస్తే నూటికి తొంభై చెత్త వల్లో, రాత్రిపూట చప్పుడు వల్లో వస్తుంది. దిగిన వారంలో పక్కింటికీ, పైకీ, కిందకీ చిన్న తువ్వాలో బిస్కెట్ల పెట్టెనో పట్టుకెళ్ళి, చిన్న పాప ఉంది, చప్పుడవుతుందేమో అని చెప్పి రండి. దీన్ని హిక్కొషి నొ ఐసత్సు అంటారు. ఆ ఒక్క పని ఏడాదంతా పనిచేస్తుంది.

ఇప్పుడు మీ ఆవిడ భోజనం. ఇక్కడ తొందరపడకండి.

"బెజితరియన్ దెస్" అంటే సరిపోదు. చాలామందికి అది "మాంసం తగ్గించి తింటారు" అన్నట్టు వినిపిస్తుంది. "నికు" తినను అంటే చేప వస్తుంది, ఎందుకంటే నికు అంటే మాంసం మాత్రమే. హాము ముక్కలు కూడా కొందరి లెక్కలో నికు కావు. అన్నిటికీ మించి "దషి". ఇది పులుసుకి ఆధారమైన రసం. ఎక్కువగా కత్సుఒబుషి అనే ఎండబెట్టిన చేప తురుముతోనో, నిబొషి అనే ఎండు చిన్న చేపలతోనో కాస్తారు. మిసొ సూపు, ఉదొన్, సొబ నూడుల్స్, చివరికి టోఫూ మీద పోసే రసంలోనూ ఉంటుంది. చేప ముక్క కంటికి కనపడదు కాబట్టి, వడ్డించేవాళ్ళు నిజాయితీగానే "ఇందులో చేప లేదు" అంటారు. అందుకని ఆవిడ ఇలా అనాలి: "నికు తొ సకన వ తబెరరెమసెన్. కత్సుఒ నొ దషి మొ దమె దెస్." మాంసం, చేప తినలేను, కత్సుఒ దషి కూడా కుదరదు. గుడ్డు తింటే "తమగొ వ దైజోబు దెస్" అని చేర్చాలి. ఈ మూడు వాక్యాలూ జపనీస్‌లో రాయించి కార్డులా ఫోన్లో పెట్టుకోండి.

సూపర్‌మార్కెట్‌లో అలెర్జీ పట్టిక మాత్రమే చూసి కొనకండి. అందులో తప్పనిసరిగా చూపించాల్సినవి గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత లాంటివి. గొడ్డు మాంసం, పంది మాంసం, కోడి, జెలటిన్ "చూపిస్తే మంచిది" అన్న జాబితాలో ఉన్నాయి. కత్సుఒ చేప ఆ రెండింటిలోనూ లేదు. కాబట్టి గెన్‌జైర్యోమెయ్, అంటే అసలు పదార్థాల వరస చదవాలి. అందులో కతకనలో "ఎకిసు" అని కనపడితే ఆగండి. పోకు ఎకిసు పంది సారం, చికిన్ ఎకిసు కోడి సారం, కత్సుఒ ఎకిసు చేప సారం. కూర పొడి బిళ్ళలు, కరే రూ అంటారు, పైన బొమ్మలో బంగాళాదుంప, క్యారెట్ ఉన్నా లోపల గొడ్డు కొవ్వో పంది కొవ్వో ఉండటం మామూలే. పెట్టె మీద అమకుచి అంటే తీపి కారం, చూకర నడి కారం, కరకుచి బాగా కారం. మనకి ఆ కరకుచి కూడా చప్పగానే ఉంటుంది.

బయట నిశ్చింతగా తినాలంటే షోజిన్ ర్యోరి, బౌద్ధ మఠాల శాకాహారం. దషి కూడా కొంబు అనే సముద్రపు పాచితో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. ఖరీదు ఎక్కువ, రోజూ కుదరదు. రోజువారీ దినుసులకి నిషి-కసయ్‌లో భారతీయ దుకాణాలున్నాయి, షిన్-ఓకుబొలో మసాలాలు దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు కోసం సూట్‌కేస్ నింపుకోనక్కర్లేదు. ఆవకాయకి చోటు ఉంచుకోండి.

అన్నం మాటలు మాత్రం మీకు ఒక్క రోజులో వచ్చేస్తాయి. వరి ఇనె, బియ్యం కొమె, అన్నం గొహన్. అన్నం తిన్నావా అంటే భోజనం అయిందా అని ఎలాగో, గొహన్ అంటే భోజనం కూడా. మిజు చన్నీళ్ళు, ఒయు వేన్నీళ్ళు. చలికాలంలో కూడా హోటల్లో ఐసు నీళ్ళు పెడతారు, పాపకి "ఒయు కుదసై" అని అడగండి, ఇస్తారు. తినేముందు "ఇతదకిమస్", తిన్నాక "గొచిసోసమ". హోటల్లోంచి వస్తూ వండినవాళ్ళ వైపు చూసి గొచిసోసమ అనడం మన "అన్నదాతా సుఖీభవ" లాంటిది. టిప్పు ఇవ్వరు, ఈ మాటే ఇస్తారు.

ఆసుపత్రి. ఇక్కడ నా అనుభవం ఎక్కువ, కాబట్టి గట్టిగా చెబుతున్నాను: నొప్పి మాటలు ముందే నేర్చుకోండి. డాక్టరు "దొన్న ఇతమి దెస్ క", ఎలాంటి నొప్పి అని అడుగుతారు. జపనీయులు దానికి జంట ధ్వనులతో జవాబు చెబుతారు. నాడి కొట్టుకున్నట్టు పోటు పెడితే జుకిజుకి. సూదులు గుచ్చినట్టుంటే చికుచికు. చర్మం మీద భగభగ మంటైతే హిరిహిరి. తల పగిలిపోతుంటే గన్‌గన్. కడుపులో మెలిపెట్టే నొప్పి కిరికిరి, గుడగుడ అయితే గొరొగొరొ, వికారం ముకముక. తూలిపోతుంటే ఫురఫుర. ఇంగ్లీషులో మాట్లాడినప్పుడు మనవాళ్ళు అన్నిటికీ "పెయిన్" అని ఊరుకుంటారు. అదే తెలుగులో అడిగితే "జివ్వుమని లాగుతోంది", "చురుక్కుమంటోంది", "సలుపుతోంది" అని ఎంత కచ్చితంగా చెబుతారో! ఆ మాటలకి ఇక్కడ జోడీలున్నాయి, నేరుగా పట్టుకెళ్ళండి. రోగ నిర్ధారణకి అవి నిజంగా సాయపడతాయి.

జ్వరం సెల్సియస్‌లో చెప్పాలి. మన 100 ఇక్కడ 37.8, మన 102 ఇక్కడ 38.9. పాప బడిలో మామూలుగా 37.5 దాటితే ఫోన్ చేసి తీసుకెళ్ళమంటారు. పిల్లల డాక్టరు షోనిక, మామూలు జ్వరాలకి నైక, చెవి ముక్కు గొంతుకి జిబిక, ఎముకలకి సెయ్‌కెయ్ గెక. మందుల దుకాణంలో ఒకుసురి తెచో అని చిన్న పుస్తకం ఇస్తారు, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా అది తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళు మామూలుగా ఖర్చులో 30 శాతం కట్టాలి, మిగతాది కెన్‌కో హొకెన్, అంటే ఆరోగ్య బీమా, చూసుకుంటుంది. రాత్రిపూట పాపకి బాగోలేక, వెళ్ళాలా వద్దా అని టెన్షన్‌గా ఉంటే పిల్లల వైద్య సలహా నంబరు #8000 కి చెయ్యండి. అంబులెన్సుకి 119. ఎత్తగానే "కజి దెస్ క, క్యూక్యూ దెస్ క", అగ్నిప్రమాదమా, వైద్యమా అని అడుగుతారు. "క్యూక్యూ దెస్" అని, ముందు చిరునామా చెప్పండి. మీ చిరునామా జపనీస్‌లో గుక్క తిప్పుకోకుండా చెప్పడం ఇద్దరూ కంఠతా పట్టాలి.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. ఇల్లు కుదిరిన 14 రోజుల్లో కుయకుషొ, అంటే వార్డు ఆఫీసుకి వెళ్ళి జైర్యూ కాదొ (నివాస కార్డు) మీద చిరునామా ఎక్కించుకోవాలి. జూమిన్‌హ్యో నివాస పత్రం, చాలాచోట్ల అడుగుతారు. నెన్‌కిన్ పెన్షన్. మీ కంపెనీ ఇండియా నుంచి పంపిస్తుంటే, 2016 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్-జపాన్ ఒప్పందం ప్రకారం పీఎఫ్ ఆఫీసు పత్రంతో రెండు దేశాల్లో కట్టే బాధ తప్పుతుందేమో బయల్దేరేముందే హెచ్ఆర్‌ని అడగండి. జపాన్ కంపెనీలో నేరుగా చేరుతుంటే ఇక్కడ కట్టాలి. దేశం వదిలాక రెండేళ్ళలోపు దత్తై ఇచిజికిన్ కింద కొంత వెనక్కి అడగొచ్చు. కానీ అలా తీసుకుంటే ఆ సంవత్సరాలు పెన్షన్ లెక్కలోంచి పోతాయి, ఆలోచించి చెయ్యండి.

చివరిగా భూకంపం మాటలు. భయపెట్టడానికి కాదు, ఇవి తప్పక రావాలి కాబట్టి. జిషిన్ భూకంపం, యొషిన్ తరవాత వచ్చే ప్రకంపన. టీవీలో ముందు చెప్పేది షిందొ, మీరున్న చోట ఎంత ఊగింది అన్నది. 0 నుంచి 7 దాకా ఉంటుంది. 5, 6 అంకెలకి జకు (తక్కువ), క్యో (ఎక్కువ) అని రెండేసి మెట్లున్నాయి, మొత్తం పది. రిక్టర్ లెక్కలాంటిది మగునిచూదొ, అది వేరు. షిందొ 3 అంటే దీపం ఊగుతుంది, పని ఆగదు. 5-క్యో అంటే బిగించని బీరువాలు పడొచ్చు. ఫోన్ ఒక్కసారిగా వింత శబ్దంతో మోగి "జిషిన్ దెస్" అంటే బల్ల కిందకి దూరండి. 1995 కోబె భూకంపంలో ప్రకటనలు అర్థం కాక విదేశీయులు చాలా ఇబ్బంది పడ్డారు. అప్పటినుంచి "యసషీ నిహొన్గొ", తేలిక జపనీస్, వాడాలన్న ప్రయత్నం మొదలైంది. "ఎత్తైన ప్రదేశానికి తరలండి" అని గ్రాంథికంగా కాకుండా "తకై తొకొరొ ఎ నిగెతె" అంటారు. 2024 జనవరి 1న నొతొ భూకంపం వచ్చినప్పుడు ఎన్‌హెచ్‌కే టీవీలో వార్తలు చదివే ఆవిడ మామూలు నెమ్మది స్వరం వదిలేసి, వెంటనే పారిపోండని గట్టిగా అరిచి చెప్పారు. నిగెతె అంటే పారిపోండి. త్సునమి, నిగెతె, తకై తొకొరొ, ఈ మూడూ పాపకి కూడా నేర్పండి. తలదాచుకునే చోటు హినన్‌జొ, చాలాచోట్ల దగ్గర్లోని ప్రభుత్వ బడే అవుతుంది. ఫోన్లు కలవనప్పుడు ఇంట్లోవాళ్ళకి మాట వదలడానికి 171 అనే నంబరు ఉంది. చేరిన వారంలోనే ఇంటి నుంచి హినన్‌జొ దాకా ముగ్గురూ కలిసి ఒకసారి నడిచి చూసి రండి.